నాయన నిద్ర కోసం

ఆ బడిలో నాకు ఇచ్చిన గది అంతకుముందు మధ్యాహ్న భోజనానికి బియ్యం బస్తాలు పెట్టుకునేది. నేను వెళ్ళిన మొదటిరోజు గోడల వారగా ఇంకా గింజలు పడి ఉన్నాయి. వంటామె వచ్చి ఊడ్చి, "ఈడేం పెడతారు మేడమ్?" అని అడిగింది. సైన్సు గది పెడతామన్నాను. "పెట్టండి. బస్తాలు వరండాలో సర్దుకుంటాం. వానొస్తే అప్పుడు చూసుకుందాం," అంది.

ఇది ఐదేళ్ళ కిందటి మాట. పల్లెటూళ్ళ పిల్లలకు సైన్సు మీద, టెక్నాలజీ మీద ఆసక్తి కలిగించాలని పెట్టిన ఒక సంస్థలో అప్పుడే చేరాను. సర్కారు బడిలో ఒక గది అడిగి తీసుకుని, అందులో తీగలు, బల్బులు, చిన్న మోటార్లు, అయస్కాంతాలు, కటకాలు పెట్టి, బడి వదిలాక పిల్లల చేత ఏదో ఒకటి చేయించడం నా పని. నా వంతుకు వచ్చిన బడి ఇందుకూరుపేట మండలంలో, సముద్రానికి దగ్గరగా ఉంది. ఒకవైపు వేటకు పోయేవాళ్ళ పాలెం, ఇంకోవైపు కనుచూపు మేర రొయ్యల గుంటలు. నెల్లూరు నుంచి రోజూ బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని.

మా అబ్బాకు, అంటే నాన్నకు, టౌనులో మోటారు వైండింగ్ షాపు ఉంది. చిన్నప్పుడు బడి నుంచి వచ్చి నేరుగా అక్కడికే వెళ్ళేదాన్ని. కాలిపోయిన మోటారు విప్పి, నల్లబడ్డ తీగ లాగేసి, కొత్త రాగితీగ చుట్టలు చుట్టడం నాకు ఎక్కాల కన్నా ముందే వచ్చింది. చుట్టలోకి కరెంటు వెళ్తే ఇనుము అయస్కాంతమవుతుందని పుస్తకంలో చదివిన రోజు, ఇది నాకు తెలిసిందే కదా అని ఎంత సంబరపడ్డానో. ఫిజిక్సు తీసుకుని డిగ్రీ చదివానంటే ఆ సంబరమే కారణం. అదే సంబరం ఇంకొక పిల్లకు కలిగించగలిగితే చాలనుకుని ఈ ఉద్యోగంలో చేరాను. అప్పుడు నిజంగా అలాగే అనుకున్నాను.

మొదటి నెలల్లో పిల్లలు వచ్చేవాళ్ళు, వస్తువులు ముట్టుకునేవాళ్ళు, వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళను ఆశ్చర్యపరచడం కష్టం. శ్రీహరికోట మాకు దక్షిణాన ఉంది. రాకెట్ వదిలిన రోజు ఒడ్డున నిలబడితే నిప్పుగీత పైకి లేవడం మామూలు కళ్ళకే కనిపిస్తుంది. దానికోసం బస్సులు వేసుకుని ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. మా పిల్లలు మాత్రం తల కూడా ఎత్తరు. "అది మేం పుట్టకముందు నుంచీ పోతానే ఉండాది మేడమ్," అన్నాడొకడు.

అయినా ఒక సాయంత్రం వాళ్ళను ఒడ్డుకు తీసుకుపోయాను. గీత లేచింది, వంగింది, మబ్బులో కలిసిపోయింది. "చూశారు కదా, ఇప్పుడు శబ్దం ఎప్పుడొస్తుందో కనిపెట్టండి," అన్నాను. కాసేపు చెవులు రిక్కించారు. ఏమీ వినిపించలేదు. ఒకరి తర్వాత ఒకరు ఎండ్రకాయల వెంట పరిగెత్తారు. ఒక్క పిల్ల మాత్రం మోకాళ్ళు కౌగిలించుకుని ఇసుకలో అలాగే కూర్చుంది. ఇక రాదులే అని నేనే లేవబోతుండగా, దూరంగా ఎక్కడో వంతెన మీద లారీ పోతున్నట్టు సన్నగా గుడగుడమంది.

"వచ్చినాది," అంది ఆ పిల్ల. తర్వాత నావైపు తిరిగి, "అది పోయి ఇంతసేపయింది కదా మేడమ్. మరి ఇప్పుడు వినిపించేది ఎప్పటిది?" అని అడిగింది.

నేను నెలల తరబడి ఎదురుచూసిన ప్రశ్న అది. ఆ పిల్లది ఎనిమిదో తరగతి. సన్నగా, నల్లగా, ఎప్పుడూ ఒకే నీలం రిబ్బనుతో ఉండేది. ఆ మర్నాటి నుంచి రోజూ గది తాళం నాకన్నా ముందు ఆమే అడిగి తెచ్చేది.

వాళ్ళ నాన్న ఒకప్పుడు వేటకు పోయేవాడు. వలలో పడేది పడవ ఖర్చుకే చాలక వేట మానేసి, రొయ్యల గుంటల దగ్గర కాపలాకు కుదిరాడు. గుంటల ఆసామి పక్క ఊరివాడు. చెడ్డవాడు కాదు. మా బడికి బెంచీలు కొనిచ్చింది ఆయనే. గుంటకొక మనిషిని కాపలా పెట్టుకున్నాడు, అందరూ పాలెం వాళ్ళే.

రొయ్యల గుంట చూడనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. గుంటలో నీళ్ళు చిలికే చక్రాలు ఉంటాయి. అవి కరెంటుతో తిరుగుతూ నీళ్ళలోకి గాలి కలుపుతాయి. రాత్రంతా తిరగాలి. కరెంటు పోతే చక్రాలు ఆగుతాయి, వెంటనే జనరేటర్ వెయ్యాలి. ఆలస్యమైతే రొయ్యలకు ఊపిరాడక పైకి తేలతాయి. తెల్లారేసరికి పంటంతా పోతుంది. కాపలా మనిషి పని అంతా అదే, చక్రాల మోత ఆగిన క్షణాన లేచి ఉండడం.

తొమ్మిదో తరగతిలోకి వచ్చిన ఏడాది, ఒకరోజు ఆ పిల్ల బడికి రాలేదు. మర్నాడు వచ్చింది కానీ గదిలో దేన్నీ ముట్టుకోలేదు. ఏమైందని అడిగితే, వాళ్ళ నాన్న నిద్రపోయాడని చెప్పింది. కరెంటు పోయింది. మెలకువ రాలేదు. గుంటలో సగం రొయ్య చచ్చిపోయింది. ఆసామి కొట్టలేదు, తిట్టలేదు. మిగతా కాపలావాళ్ళందరినీ గట్టుమీద నిలబెట్టి, వాళ్ళ ముందు ఆయనొక్కడి చేత చచ్చిన రొయ్యలన్నీ ఏరించాడు. అన్నం తీసుకుని వెళ్ళిన ఈ పిల్ల అది చూసింది.

"శబ్దం వస్తే మెలకువ వస్తాది," అంది. "శబ్దం ఆగితే ఎట్టా వస్తాది మేడమ్? మా నాయన తప్పేముంది దాంట్లో?"

తర్వాత తనే అడిగింది. "కరెంటు పోయినప్పుడు మోగే గంట ఉంటాదా? కరెంటే లేకపోతే గంట ఎట్టా మోగుతాది?"

మా అబ్బా షాపు నుంచి తెచ్చిన ఒక రాగిచుట్ట, ఒక ఇనుప రేకు, చిన్న స్ప్రింగు ఆమె ముందు పెట్టాను. ఎన్నో సాయంత్రాలు వాటితోనే గడిపింది. చుట్టకు పాత ఫోను చార్జర్ తగిలించి, అయస్కాంతం రేకును లాక్కోవడం చూసింది. లాక్కున్న రేకుతో గంట మోగించడానికి ప్రయత్నించింది. కరెంటు ఉన్నంతసేపూ మోగేది, పోగానే ఆగేది. తనకు కావలసిందానికి సరిగ్గా తలకిందులు. విసుగొచ్చి చార్జర్ పీకేసింది. స్ప్రింగు రేకును టక్కున వెనక్కి లాగింది. ఆ పిల్ల చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"మేడమ్! పట్టుకున్నప్పుడు కాదు, వదిలినప్పుడు!"

రేకు వెనక్కి వెళ్ళే చోట ఇంకో తీగ పెట్టింది. ఆ తీగకు బ్యాటరీ, బ్యాటరీకి ఆటో హారన్ కట్టింది. కరెంటు ఉన్నంతసేపు అయస్కాంతం రేకును పట్టుకుని ఉంటుంది, హారన్ ఊరుకుంటుంది. కరెంటు పోగానే రేకు జారి వెనక తీగను తాకుతుంది, హారన్ అరుస్తుంది. మొదటిసారి అది అరిచినప్పుడు హెడ్మాస్టరు గారు ఆటో ఏదో బడిలోకి వచ్చిందనుకుని బయటికి వచ్చారు. పిల్లలంతా గదిలోకి తోసుకొచ్చారు. వంటామె కూడా వచ్చి చూసి, చెయ్యి గడ్డం కింద పెట్టుకుని, "దీన్ని నువ్వా చేసినావ్?" అంది. ఆ సాయంత్రం బస్సులో వస్తూ నేను ఏడ్చాను. పక్క సీటులో ఆమె ఏమైందమ్మా అని అడిగితే కళ్ళు తుడుచుకుని నవ్వేశాను.

ఆ హారన్ గుంట గట్టుమీద వాళ్ళ నాన్న పడుకునే కాపలా గుడిసెలో పెట్టాం. పెట్టిన వారానికి కరెంటు పోయింది, హారన్ మోగింది, ఆయన లేచి జనరేటర్ వేశాడు. తర్వాత మళ్ళీ మోగింది, మళ్ళీ లేచాడు. ఒకరోజు వాళ్ళమ్మ నా కోసం బడికి వచ్చింది. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగే మనిషి. గంప గుమ్మం బయటే దించి, కొంగుతో ముఖం తుడుచుకుని, "ఆయన నిద్రపోతా ఉండాడు మేడమ్," అంది. "మధ్యాన్నం అన్నానికి ఇంటికొస్తే నగుతా వచ్చినాడు. ఆ మనిషి నగి ఎన్నాళ్ళయిందో." గంపలోంచి నాలుగు చేపలు తీసి ఆకులో చుట్టి ఇచ్చింది. వద్దన్నా వినలేదు.

అక్కడితో ఆగిపోయి ఉంటే ఈ కథ రాయాల్సిన పని ఉండేది కాదు.

జిల్లా సైన్సు ఎగ్జిబిషన్ వచ్చింది. ఆ పిల్లను తీసుకుని నెల్లూరు వెళ్ళాను. అట్టపెట్టె మీద చిన్న గుంట చేసి, అందులో నీలం కాగితం అంటించి, పక్కన హారన్ పెట్టింది. వచ్చినవాళ్ళకల్లా ప్లగ్గు పీకి చూపించింది. హాలంతా దాని మోతే. ముగ్గురు జడ్జీలు వచ్చారు. వాళ్ళలో ఒకాయన ఇంజినీరింగ్ కాలేజీలో చెప్పేవాడు, చాలా ఓపికగా విన్నాడు, మెచ్చుకున్నాడు. వెళ్ళబోతూ ఆగి, "హారన్ మోగినప్పుడు వినడానికి పక్కన ఒక మనిషి ఉండాలి కదా అమ్మా? ఫోనుకే కాల్ వెళ్ళేలా చెయ్యలేవా?" అని అడిగాడు.

ఆ పిల్ల కళ్ళు ఎలా మెరిశాయో నాకింకా గుర్తుంది. బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ అదే మాట. హారన్ బదులు పాత బటన్ ఫోను పెడితే? బటన్ నొక్కే పని రేకే చేస్తే? బహుమతిగా ఇచ్చిన షీల్డు ఒళ్ళో ఉందన్న సంగతే మర్చిపోయింది. ఆ ప్రశ్న మంచి ప్రశ్న. ఏ మాస్టరైనా అదే అడుగుతాడు. మేం చెప్పేది, పిల్లలకు నేర్పేది అదే కదా, చేసినదాన్ని ఇంకా బాగా ఎలా చెయ్యొచ్చో ఆలోచించమని.

నెల తిరక్కముందే చేసేసింది. ఫోను బటన్ కింద ఉండే రేకు ముక్కకు సన్నటి తీగలు అతికించడం ఎలాగో మా అబ్బా చూపించాడు, ఒక ఆదివారం షాపులో తన పక్కన కూర్చోబెట్టుకుని. కరెంటు పోతే ఫోను దానంతటదే వాళ్ళ నాన్న నంబరుకు కాల్ చేసేది. ఇక ఆయన గుంట దగ్గరే పడుకోనక్కరలేదు, ఇంట్లో కూడా పడుకోవచ్చు. ఆ పిల్ల అనుకున్నది అంతే.

పేపర్లో జిల్లా పేజీలో చిన్న ఫొటో పడింది. అది చూసి ఆసామి బడికి వచ్చాడు. హెడ్మాస్టరు గారి గదిలో కూర్చుని, ఆ పిల్లను పిలిపించి, చేసి చూపించమన్నాడు. ఆమె చూపించింది. ఆయన తన ఫోను నంబరు వేయించి, మళ్ళీ ప్లగ్గు పీకించాడు. జేబులో ఫోను మోగింది. ఆయన పెద్దగా నవ్వాడు. "మన బళ్ళో ఇట్టాంటి బిడ్డ ఉండాదని నాకు తెలీకపాయె!" అని ఆ పిల్ల తలమీద చెయ్యి పెట్టాడు. అన్ని గుంటలకూ చేసివ్వగలవా అని అడిగాడు. ఆమె నావైపు చూసింది, నేను తల ఊపాను. పిల్లలంతా కలిసి చేశారు. ఆ రోజుల్లో మా గది నిండా పిల్లలే. వరుసలో కూర్చుని ఒకరు చుట్టలు చుట్టేవాళ్ళు, ఒకరు రేకులు కత్తిరించేవాళ్ళు, ఆ పిల్ల అందరివీ సరిచూసేది. మా సంస్థ పెద్దలు ఆ ఫొటోలు చూసి అన్ని బడులకూ పంపించారు, పిల్లల్లో ఆసక్తి అంటే ఇలా ఉండాలని.

ఫోన్లు పెట్టిన తర్వాతి పంటకు ఆసామి కాపలావాళ్ళను మాన్పించాడు. ఒక్కణ్ణి ఉంచుకున్నాడు, మోటారు సైకిలు నడపడం వచ్చినవాణ్ణి. మిగతావాళ్ళలో ఆ పిల్ల నాన్న కూడా ఉన్నాడు.

నేను ఆసామి దగ్గరికి వెళ్ళాను. గట్టుమీద కుర్చీ వేయించి కూర్చోబెట్టి, కొబ్బరిబోండాం కొట్టించి ఇచ్చాడు. నేను చెప్పింది ఆఖరుదాకా విన్నాడు.

"మీరే చెప్పండి మేడమ్," అన్నాడు. "కరెంటు పోతే ఫోను నాకే వస్తాది. ఆ మోటారు సైకిలోనికి చెప్తే ఐదు నిమిషాల్లో అన్ని జనరేటర్లూ వేసేస్తాడు. గుంటకొకణ్ణి పెట్టుకోని నేనేం చేసేది? రేటు చూస్తే అట్టా ఉండాది, మేత చూస్తే ఇట్టా ఉండాది. ఆ బిడ్డకు కావాలంటే ఇంకేదన్నా చేస్తాను. కానీ పని లేని మనిషిని ఎట్టా పెట్టుకునేది?"

ఆయన మాటలో తప్పు వెతకాలని అప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను.

అక్కణ్ణించి వాళ్ళింటికి వెళ్ళాను. ఆ పిల్ల నాన్న బయట అరుగు మీద పాత వల ఒకటి ముందేసుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ముందు ఆయనే మాట్లాడాడు. "అది బాగా చేసింది మేడమ్. ఒక్కసారి కూడా మోగకుండా పోలేదు." వల పక్కకు జరిపి, "బిడ్డనేం అనబాకండి. దానికేం తెలుసు," అన్నాడు. బిడ్డను అనడానికి నేనెవర్నన్నా, అందామనుకున్నాను. ఆ పిల్ల లోపలే ఉంది. బయటికి రాలేదు.

ఆయన మంగళూరు పోయాడు, అక్కడి పెద్ద పడవల్లో కూలికి. పాలెం నుంచి చాలామంది అలా పోతారు, ఏడాదికి ఒకసారి వస్తారు. పని పోయిన మిగతావాళ్ళు కూడా తలో దిక్కూ పోయారు. పాలెంలో మాటలు మొదలయ్యాయి. కొళాయి దగ్గర ఆ పిల్ల బిందె పెడితే పక్కకు నెట్టారట. "నీ ఫోనుకు చెప్పు, నీళ్ళు పట్టిస్తాది," అన్నారట. వాళ్ళమ్మ చేపల గంప తీసుకుని వెళ్ళినా పాలెం దాటేదాకా ఎవరూ పలకరించేవాళ్ళు కాదట. ఇవన్నీ నాకు వంటామె చెప్పింది.

ఒకరోజు నలుగురు తండ్రులు బడికి వచ్చారు. గొడవ చెయ్యలేదు. చెప్పులు బయట విడిచి వచ్చి హెడ్మాస్టరు గారి ముందు నిలబడి, "మా బిడ్డలకు ఆ రూములో చదువు వద్దు సార్, మామూలు చదువు చెప్పండి చాలు," అన్నారు. వాళ్ళు వెళ్ళాక ఆయన నన్ను పిలిచి, తలెత్తకుండా, "కొన్నాళ్ళు ఆ గది తెరవబాకండి మేడమ్," అన్నారు.

నేను రోజూ వెళ్ళి ఖాళీ గదిలో కూర్చునేదాన్ని. ఆ పిల్ల పదో తరగతి. బడికి వచ్చేది, గది ముందునుంచే పోయేది, లోపలికి చూసేది కాదు. ఒకరోజు వరండాలో ఆపి మాట్లాడబోయాను.

"మేడమ్, ఒకటి చెప్పండి," అంది. "నేను హారన్‌తోనే ఆపేసి ఉంటే మా నాయన ఈడే ఉండేవాడు కదా?"

నువ్వు కాకపోతే ఇంకొకరు చేసేవాళ్ళు, అలాంటివి బజార్లో కూడా దొరుకుతాయి, ఎప్పటికైనా ఆసామి కొనేవాడే అని చెప్పాను. అది నిజమే. ఆ పిల్ల అంతా విని, "ఇంకొకరు చేసి ఉంటే బాగుండేది," అని క్లాసులోకి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి ఇంట్లో మా అబ్బాకు చెప్పాను. ఆయన అన్నం తింటున్నాడు. ఏదైనా ఊరడింపు మాట చెప్తాడనుకున్నాను. కంచం పక్కకు జరిపాడు. "నేను బాగుచేసిన మోటార్లు ఏ ఊళ్ళో ఎవరి పని తీసేసినాయో ఇన్నేళ్ళలో నేనెప్పుడూ అడగలేదమ్మా," అన్నాడు. "అడిగి ఉంటే షాపు తెరిచేవాణ్ణి కాదేమో." ఆ పిల్లను ఒకసారి షాపుకు తీసుకురమ్మన్నాడు. ఎన్నిసార్లు పిలిచినా ఆమె రాలేదు.

అప్పుడే మా సంస్థ వాళ్ళు వీడియో తీస్తామని వచ్చారు. జరిగిందంతా నేను చెప్పాను. వచ్చినవాళ్ళలో పెద్దాయన విని బాధపడ్డాడు కూడా. "అయినా మేడమ్, ఇది ఎంతోమంది పిల్లలకు స్ఫూర్తి. మంచిదాన్ని చూపిద్దాం," అన్నాడు. వద్దనమని వాళ్ళమ్మకు నేనే చెప్పాను. ఆమె మాత్రం, "బిడ్డకు పై చదువుకు సాయం చేస్తారంట కదా మేడమ్, తీయనీండి," అంది.

గుంట గట్టుమీద కెమెరా పెట్టారు. ఆ పిల్లకు కొత్త యూనిఫాం వేయించారు. తండ్రి పక్కన కూర్చుని ఉండాలన్నారు. ఊర్లో లేడని చెప్పాను. వాళ్ళు కాసేపు మాట్లాడుకున్నారు. మోటారు సైకిలు కాపలా అతన్ని పిలిచి, కెమెరాకు వీపు పెట్టి ఆ పిల్ల పక్కన కూర్చోమన్నారు. ముఖం కనపడదు కదా అన్నారు. అతను ఆమె భుజం మీద చెయ్యి వెయ్యాలి. అతనికి సిగ్గేసింది, చెయ్యి ఎత్తి అలాగే ఉంచేశాడు. "వెయ్యన్నా, ఏం కాదులే," అంది ఆ పిల్ల. వాళ్ళు రాసిచ్చిన మాటలు ఒక్క తప్పు లేకుండా చెప్పింది.

తర్వాత నెల్లూరులో పెద్ద హాల్లో సభ పెట్టారు. ఆ వీడియో వేశారు. సాయంత్రపు ఎండలో గుంట బంగారంలా మెరుస్తోంది. తెరమీద ఇద్దరూ నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నారు. వెనకనుంచి ఒక గొంతు, "ఇప్పుడు ఆ తండ్రి నిశ్చింతగా నిద్రపోతున్నాడు," అంది. హాలంతా చప్పట్లు. ఆ పిల్లను స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పారు. కింద వరుసల్లో ఉన్న టౌను పిల్లలు కొందరు లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టారు. వాళ్ళ ముఖాల్లో నిజంగానే ఏదో వెలిగింది, నేను చూశాను. అది చూసి సంతోషించడం నా వల్ల కాలేదు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో ఆమె కిటికీ వైపు కూర్చుంది. చాలా దూరం వచ్చాక అడిగింది.

"మేడమ్, ఆ వీడియో మంగళూరులో కూడా కనిపిస్తాదా?"

"ఫోనులో ఎక్కడైనా కనిపిస్తుంది."

"మా నాయన చూస్తాడా?"

"చూడొచ్చు."

"చూస్తే, పక్కనుండే ఆ మనిషి ఎవరని అడుగుతాడు," అంది. ఊరు వచ్చింది. శాలువా సీటులోనే వదిలేసి దిగింది. నేను పిలిచి ఇస్తే తీసుకుంది.

పై చదువుకు సాయం అన్నది ఒక ఏడాదికి వచ్చింది. ఇంటర్ మొదటి సంవత్సరం టౌనులో చదివింది. తర్వాతి ఏడాది సంస్థ వాళ్ళ పథకం మారింది, కొత్త పిల్లలను తీసుకున్నారు. నేను అడగాల్సిన వాళ్ళందరినీ అడిగాను. ఆ పిల్ల ఇంటికి వెళ్ళి, ఎలాగో చదివిద్దాం అక్కా, నేనున్నాను అన్నాను. వాళ్ళమ్మ చేపలు కడుగుతూ ఉంది. కోపంగా ఏమీ అనలేదు. "చదివి ఇంకేం కనిపెడతాది మేడమ్?" అని మాత్రం అంది. ఆ పిల్ల గుమ్మంలో నిలబడి వింటోంది. "నాకే వద్దు మేడమ్," అంది.

ఆ బడిలో మా గది మూసేశారు. సామానంతా పెట్టెల్లో సర్ది నేనే లారీ ఎక్కించాను. నన్ను కొడవలూరు వైపు ఒక బడికి మార్చారు. ఇక్కడ అన్నీ వరిపొలాలు. పిల్లలు మంచివాళ్ళు, అడుగుతారు, విసిగిస్తారు. నేను వాళ్ళకు కటకాలతో చందమామను చూపిస్తాను, నీటి చుక్కలో పురుగులు చూపిస్తాను, సబ్బు బుడగల మీద రంగులు ఎందుకొస్తాయో చెప్తాను. మొన్నామధ్య ఒక అమ్మాయి కలుపు తీసే మిషను చేద్దామా మేడమ్ అని అడిగింది. వాళ్ళమ్మ కలుపు తీతకు పోతుంది, నడుము నొప్పి. నేను వెంటనే మాట మార్చి ఇంద్రధనుస్సు గురించి మొదలుపెట్టాను. ఆ అమ్మాయి రెండుమూడు సార్లు అడిగి ఊరుకుంది. మీ బడిలో పనికొచ్చే ప్రాజెక్టులు ఒక్కటీ రావడం లేదేమని సంస్థ వాళ్ళు ఫోన్ చేసి అడుగుతున్నారు. పిల్లలు చిన్నవాళ్ళండీ అని చెప్తున్నాను. ఎన్నాళ్ళు అలా చెప్తానో తెలియదు. చెప్పడం మానేసి ఆ మిషను చేయిస్తే ఏమవుతుందో కూడా తెలియదు.

కిందటి నెల పొద్దున్నే బస్సులో ఆ పిల్ల కనిపించింది. రొయ్యలు శుభ్రం చేసి డబ్బాల్లో పెట్టే కంపెనీలో చేరిందట. కంపెనీ బస్సు తప్పిపోతే మామూలు బస్సు ఎక్కిందట. జుట్టంతా వలటోపీలోకి దోపేసి ఉంది. నన్ను చూసి నవ్వి, పక్కన చోటిచ్చింది. వేళ్ళ చివర్లు తెల్లగా నాని, ముడతలు పడి ఉన్నాయి. వాళ్ళ నాన్న పండక్కి వచ్చి వెళ్ళాడని చెప్పింది. వీడియో చూశాడా అని నేను అడగలేదు.

పని ఎలా ఉందన్నాను. నిలబడే చెయ్యాలంది. రొయ్యలు ఒక బెల్టు మీద వస్తూ ఉంటాయి, ఆగకుండా. అప్పుడప్పుడు ఆ బెల్టు ఉన్నట్టుండి ఆగిపోతుంది, ఇంజినీరు వచ్చి చూస్తాడు, ఏమీ దొరకదు, కాసేపటికి దానంతటదే నడుస్తుంది.

"ఎందుకాగుతుందో నాకు తెలుసు మేడమ్," అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఒక్క క్షణం పాత పిల్లే కనిపించింది. "బెల్టు పక్కన ఒక చిన్న కన్ను ఉంటాది, సెన్సారు అంటారు. ఐసు ఆవిరి పట్టి దానికి మసకేస్తాది. ఏదో అడ్డమొచ్చిందనుకోని ఆపేస్తాది. ఆవిరి ఆరితే మళ్ళీ నడుస్తాది. కొంచెం పైకి బిగిస్తే చాలు."

"మరి వాళ్ళకు చెప్పావా?"

తల అడ్డంగా ఊపింది. "చెప్తే బాగుచేస్తారు కదా మేడమ్," అంది. "అది ఆగినప్పుడే మేం కాసేపు కూర్చునేది."

ఆమె దిగాల్సిన స్టాపు వచ్చింది. టిఫిను డబ్బా చంకలో పెట్టుకుని, "వస్తాను మేడమ్," అని దిగిపోయింది. గేటు ముందు అలాంటి టోపీలు పెట్టుకున్న ఆడపిల్లలు చాలామంది లోపలికి పోతున్నారు. వాళ్ళలో ఆమె ఎవరో నాకు కాసేపటికి తెలియకుండా పోయింది. బస్సు కదిలింది. నేను బడికి వెళ్ళాను.